ఓడిపోవడానికి ఒక మంచి చోటు: కామిక్ కాన్‌లో ఫైటింగ్ గేమ్స్, రిథమ్ గేమ్స్

ఈ ఎపిసోడ్‌లో ఆటల గురించి మాట్లాడుకుందాం. ఆటలంటే క్రికెట్, కబడ్డీ కాదు, వీడియో గేమ్స్. వాటిల్లో కూడా రెండే రెండు రకాలు. ఒకటి ఫైటింగ్ గేమ్స్, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునేవి. రెండోది రిథమ్ గేమ్స్, అంటే పాట వస్తూ ఉంటే దాని తాళానికి తగ్గట్టు బటన్ నొక్కడమో, డప్పు కొట్టడమో, కాలు వెయ్యడమో చేసేవి. ఈ రెండు రకాలూ ఆడి చూద్దామని హైదరాబాద్ కామిక్ కాన్‌కి వెళ్ళాను. నేను ఆడినదానికంటే, ఆడేవాళ్ళ వెనక నిలబడి చూసినదే ఎక్కువ. ఆ చూసినదాంట్లోంచి నాకు అర్థమైన ఒక విషయం మీకు చెప్పాలి.

చాలామంది అడుగుతుంటారు. ఫోన్‌లోనే బోలెడు గేమ్స్ ఉన్నాయి కదా, టికెట్ కొని, ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్ళి, అరగంట క్యూలో నిలబడి ఐదు నిమిషాలు ఆడటం ఎందుకండీ అని. న్యాయమైన ప్రశ్నే. ఇవాళ చెప్పేదంతా దానికి జవాబే అనుకోండి.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కామిక్ కాన్ ఇండియా 2011లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్‌కి 2013లో వచ్చింది. మాదాపూర్, కొండాపూర్ దగ్గర హైటెక్స్ ఉంది చూశారూ, ఆ పెద్ద ఎగ్జిబిషన్ హాళ్ళలో జరుగుతుంది. పేరు కామిక్ అయినా అక్కడ కామిక్ పుస్తకాలు ఒక మూలే. సినిమాలు, జపాన్ యానిమే, బొమ్మలు, టీషర్టులు, తమకి ఇష్టమైన పాత్రలాగా వేషం వేసుకుని వచ్చే కాస్‌ప్లే వాళ్ళు, అన్నీ ఉంటాయి. గేమింగ్ ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఈమధ్య ఆ కంపెనీని నాడ్విన్ గేమింగ్ అనే ఈ-స్పోర్ట్స్ సంస్థ కొనుక్కుంది కూడా. అంటే గేమ్స్ ఇప్పుడు పక్క స్టాల్ సరుకు కాదు, ఇంటి యజమాని సరుకు అన్నమాట.

హైటెక్స్ ఉన్న చోటు గురించి కూడా ఒక మాట. అక్కడికి కూతవేటు దూరంలో సైబర్ టవర్స్ ఉంది. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి గారు దాన్ని ప్రారంభించారు. సరిగ్గా అదే ఏడాది జపాన్‌లో కొనామి కంపెనీ ‘డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్’ అనే గేమ్ తెచ్చింది. కింద బాణం గుర్తులున్న పలక, పైన స్క్రీన్, పాటకి తగ్గట్టు కాళ్ళతో తొక్కాలి. మాల్స్‌లోని గేమ్ జోన్లలో మీరు చూసే ఉంటారు. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండిటికీ సంబంధం ఏమీ లేదు. కానీ పాతికేళ్ళ తర్వాత, ఆ టవర్స్ చుట్టూ పెరిగిన ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళూ వాళ్ళ పిల్లలూ శనివారం ఉదయం వచ్చి అలాంటి ఆటల ముందు క్యూ కడుతున్నారు. నాకు అది చూడటం భలే అనిపించింది.

సరే, ఫైటింగ్ గేమ్స్‌తో మొదలుపెడదాం.

మీరు ఎనభైల్లోనో తొంభైల్లోనో పుట్టి ఉంటే ‘ముస్తఫా గేమ్’ అంటే వెంటనే గుర్తొస్తుంది. కిరాణా కొట్టు పక్కనో, బస్టాండ్ దగ్గరో చీకటి గది. లోపల రెండో మూడో మెషీన్లు. రూపాయి బిళ్ళ వేస్తే ఆట. పసుపు టోపీ పెట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎగిరి తన్నేవాడు ముస్తఫా. ఆ గేమ్ అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. 1993లో జపాన్‌లోని కాప్‌కామ్ కంపెనీ తయారు చేసింది. మనవాళ్ళు అసలు పేరు పట్టించుకోలేదు. నచ్చిన హీరో పేరు పెట్టేసుకున్నారు. మన పద్ధతే అంత కదా!

అది నలుగురినీ కలిపి కొట్టే గేమ్. అదే కంపెనీ 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ తెచ్చింది. అందులో మీరు మెషీన్‌ని కొట్టడం కాదు, మీ పక్కన నిలబడ్డ మనిషిని కొట్టాలి. ఓడినవాడు తప్పుకోవాలి, గెలిచినవాడు నిలబడాలి, వెనక ఉన్నవాడు తన రూపాయి పెట్టి ముందుకి రావాలి. ఈ రకం గేమ్స్ అన్నిటికీ అదే పునాది. అందులో ‘కాంబో’ అని ఒకటి ఉంటుంది. ఒక దెబ్బ తగలగానే ఎదుటివాడు తేరుకునే లోపు రెండోది, మూడోది వరసగా వెయ్యడం. అది తయారుచేసినవాళ్ళు అనుకుని పెట్టింది కాదు. గేమ్ తయారవుతున్నప్పుడు దొరికిన ఒక లోపం. ఇంత కచ్చితమైన టైమింగ్ ఎవడు పట్టుకుంటాడులే అని వదిలేశారు. జనం పట్టుకున్నారు. ఇవాళ కాంబో లేని ఫైటింగ్ గేమ్ దాదాపు లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ కథ బాగా నచ్చుతుంది, బగ్ ఫీచర్ అయిపోయింది కాబట్టి!

నాతోపాటు మా బావ వచ్చాడు. మా మేనత్త కొడుకు. గచ్చిబౌలిలో టెస్టింగ్‌లో పదేళ్ళుగా పనిచేస్తున్నాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో ముస్తఫా గేమ్‌లో వాడిని మించినవాడు లేడు. ఆ ధైర్యంతో స్ట్రీట్ ఫైటర్ 6 ఆడిస్తున్న చోట కూర్చున్నాడు. 2023లో వచ్చిన గేమ్ అది. అవతల కుర్చీలో పదహారు, పదిహేడేళ్ళ కుర్రాడు. ఏదో యానిమే వేషంలో ఉన్నాడు, తలకి తెల్ల విగ్గు. ఆడటానికి అడ్డమొస్తోందని విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మొదటి ఆట నిమిషం కూడా పట్టలేదు. బావ ఓడిపోయాడు. రెండోది కూడా అంతే. కుర్రాడు ఒకే దెబ్బని మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు. స్క్రీన్ మీద రంగులు చిమ్మినట్టు వస్తుంది, బావ పాత్ర వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది. లేద్దామనుకుని బావ కంట్రోలర్ కింద పెట్టాడు. అప్పుడు ఆ కుర్రాడు అన్నాడు, “అంకుల్, ఇంకొకటి ఆడదాం. ఆ రంగులు కనిపించగానే మీరు కూడా అదే కొట్టండి. తర్వాత కొట్టినవాళ్ళదే గెలుపు. మీకు చాలా టైమ్ ఉంది.”

ఓడిపోయినందుకు కంటే ‘అంకుల్’ అన్నందుకు బావ మొహం ఎక్కువ వాడింది. అది వేరే సంగతి. కానీ ‘చాలా టైమ్ ఉంది’ అన్నాడు చూశారా, అక్కడ ఆగుదాం. ఫైటింగ్ గేమ్స్ రహస్యం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ గేమ్స్ సెకనుకి 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. సినిమా రీలులో బొమ్మలుంటాయి కదా, అలాంటివి అనుకోండి. ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకీ లెక్క ఉంటుంది. బటన్ నొక్కాక దెబ్బ తగలడానికి ఎన్ని ఫ్రేములు, ఎంతసేపు తగులుతూ ఉంటుంది, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఎన్ని ఫ్రేములు. స్ట్రీట్ ఫైటర్ 6లో అన్నిటికంటే వేగమైన మామూలు గుద్దులు 4 ఫ్రేముల్లో తగులుతాయి. అంటే 67 మిల్లీసెకన్లు. టెక్కెన్‌లో వేగమైన చిన్న గుద్దు 10 ఫ్రేములు. ఇప్పుడు మనిషి సంగతి చూద్దాం. కంటికి కనిపించినదానికి వేలు స్పందించాలంటే మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 12 నుంచి 15 ఫ్రేములు.

లెక్క కుదిరిందా? గుద్దు 4 ఫ్రేములు, మనిషి 12 ఫ్రేములు. అంటే గుద్దుని చూసి ఆపడం మానవమాత్రుడి వల్ల కాదు. మరి ఎలా ఆపుతున్నారు? చూసి కాదండీ. ముందే ఊహించి. ఎదుటివాడు ఇప్పుడు ఏం చేస్తాడు, భయపడ్డాడా, తొందరపడుతున్నాడా, పోయినసారి ఇక్కడే ఏం చేశాడు, ఇవన్నీ చదివి. కాబట్టి ఈ గేమ్‌లో మీరు ఆడుతున్నది స్క్రీన్‌తో కాదు, పక్క కుర్చీలో ఉన్న మనిషి మనసుతో. మన పెద్దవాళ్ళు పులి–మేక ఆడినా, అష్టాచెమ్మా ఆడినా అదే పని కదా చేసింది.

ఇక కుర్రాడు వేస్తున్న దెబ్బ పేరు డ్రైవ్ ఇంపాక్ట్. అది మాత్రం నిదానంగా వస్తుంది. 26 ఫ్రేములు, అంటే 430 మిల్లీసెకన్ల పైన. అది చూసి జవాబు చెప్పగలిగినది. కొత్తవాళ్ళకి ఆ సంగతి తెలియదు కాబట్టే కుర్రాడు దాన్నే వాడాడు. ఆ తర్వాత ఆ రహస్యం తనే చెప్పేశాడు. మూడో ఆటలో బావ ఒక్కసారి దాన్ని తిప్పికొట్టాడు. వెనక నిలబడ్డ పదిమంది ఒక్కసారిగా కేక వేశారు. ఆ ఆట కూడా బావే ఓడిపోయాడు లెండి. అయినా లేచి వస్తుంటే మొహం వెలిగిపోతోంది. “ఒరేయ్, పదేళ్ళలో నా పని గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదురా” అన్నాడు.

నేను నవ్వాను కానీ, తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో చాలా ఉంది. మనం ఉండే ఈ కారిడార్‌లో, రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా, ఓటమి చాలా ఖరీదైన వ్యవహారం. ఇంటర్వ్యూ పోతే ఒక ఏడాది. అప్రైజల్ సరిగ్గా రాకపోతే ఒక ఏడాది. ఎప్‌సెట్, ఐఐటీ పిల్లలకైతే చెప్పనే అక్కర్లేదు. పైగా ఎందుకు ఓడిపోయామో ఎవరూ చెప్పరు. ‘మేము మళ్ళీ సంప్రదిస్తాం’ అని ఒక మెయిల్, అంతే. ఇక్కడేమో నిమిషంలో ఓడిపోయావు, ఓడించినవాడే ఎందుకో చెప్పాడు, రెండు నిమిషాల్లో సరిదిద్దుకుని చూశావు. ఓటమి ఇంత చవగ్గా, ఇంత మర్యాదగా దొరికే చోటు మనకి ఇంకెక్కడుందో మీరే ఆలోచించండి.

ఇక్కడ మీరు అనొచ్చు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆడితే ఇదే దొరకదా అని. ఆడొచ్చు, నేనూ ఆడతాను. కానీ రెండు తేడాలున్నాయి.

మొదటిది దూరం. హైదరాబాద్ నుంచి టోక్యో ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. తిన్నగా గీత గీసినట్టు కేబుల్ వేసినా, ఒకవైపు వెళ్ళడానికే 30 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 2 ఫ్రేములు. నిజంగా కేబుళ్ళు సముద్రాల్లో చుట్టూ తిరిగి వెళ్తాయి, మధ్యలో ఎన్నో మలుపులు, కాబట్టి ఇంకా ఎక్కువే. 4 ఫ్రేముల గుద్దు ఉన్న ఆటలో ఇది చిన్న విషయం కాదు. దీన్ని సర్దడానికి రోల్‌బ్యాక్ అనే పద్ధతి వాడతారు. ఎదుటివాడు ఏం నొక్కుతాడో కంప్యూటర్ ముందే ఊహించి ఆట నడిపిస్తుంది, ఊహ తప్పితే వెనక్కి వెళ్ళి సరిచేస్తుంది. అద్భుతమైన ఇంజనీరింగ్. కానీ ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు ఆ ఊహ మనమే చేస్తాం, కంప్యూటర్ చెయ్యక్కర్లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఆన్‌లైన్‌లో గెలిచినవాడు మాయమైపోతాడు. ‘మీకు చాలా టైమ్ ఉంది’ అని చెప్పడు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం అనుకునేరు, ఒక ఉదాహరణ చెప్తాను. పాకిస్తాన్‌లోని లాహోర్ నుంచి అర్స్‌లాన్ యాష్ అనే ఆటగాడు వచ్చాడు. 2019లో టెక్కెన్ 7లో ముందు ఎవో జపాన్, ఆ తర్వాత అమెరికాలో జరిగే ఎవో, రెండూ గెలిచాడు. ఫైటింగ్ గేమ్స్‌కి ఎవో అంటే క్రికెట్‌కి ప్రపంచకప్ లాంటిది. అప్పటిదాకా టెక్కెన్ అంటే కొరియా వాళ్ళదే పైచేయి. ఇతను ఎక్కడ నేర్చుకున్నాడు? లాహోర్‌లోని గేమ్ షాపుల్లో. మన ముస్తఫా గదుల్లాంటివే. మా దగ్గర నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు అని అతను అంటే ప్రపంచం నమ్మలేదు. నీ అనే పేరుతో ఆడే కొరియా దిగ్గజం స్వయంగా పాకిస్తాన్ వెళ్ళి ఆడి వచ్చాడు. నిజమేనని తేలింది.

ఆలోచించండి. మనకీ అలాంటి షాపులు ఉండేవి. వీధి వీధికీ ఉండేవి. అవి మూతపడి ఇంటర్నెట్ కేఫ్‌లు వచ్చాయి, అవి పోయి ఫోన్లు వచ్చాయి. పిల్లలు ఆ షాపుల్లో పాడైపోతున్నారని మన పెద్దవాళ్ళు తలుపులు మూయించారు. వాళ్ళ భయం వాళ్ళది, తప్పు పట్టను. కానీ ఆ బల్లతోపాటు పక్కన కూర్చునే మనిషి కూడా పోయాడు.

అయినా మనవాళ్ళు పూర్తిగా వదల్లేదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల పోటీ. మన దేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. మువ్వన్నెల జెండా వేసుకుని ఫైటింగ్ గేమ్ ఆడటం! మా ఊరి షాపు ఓనర్‌కి చెప్తే నమ్మడు.

సరే, ఇప్పుడు రిథమ్ గేమ్స్‌లోకి వెళ్దాం. ఈ రెండిటినీ ఒకే ఎపిసోడ్‌లో ఎందుకు కలిపానో ఒక సంఘటన చెప్తే తెలుస్తుంది. 2004, కాలిఫోర్నియాలో ఎవో. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. జపాన్ ఆటగాడు దైగో ఉమెహారా, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్. దైగో ప్రాణం గీతంత మిగిలింది. మామూలుగా అడ్డుపెట్టుకున్నా ఆ కాస్త కూడా పోతుంది. జస్టిన్ తన పెద్ద దెబ్బ వదిలాడు, వరసగా 15 తన్నులు. ఆ గేమ్‌లో ప్యారీ అని ఉంది. దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా ముందుకి నొక్కితే ఏమీ కాదు. దైగో 15కి 15 అలాగే నొక్కి, తిరిగి కొట్టి గెలిచాడు. ఆ వీడియో ఇప్పటికీ జనం చూస్తూనే ఉన్నారు. నన్నడిగితే, ఆ కొన్ని క్షణాలూ అతను ఆడినది ఫైటింగ్ గేమ్ కాదు, రిథమ్ గేమ్. 15 దెబ్బల జతి. ఒక్క దెబ్బ తాళం తప్పినా అయిపోయేది.

రిథమ్ గేమ్స్ చరిత్ర క్లుప్తంగా. 1996లో ప్లేస్టేషన్ మీద ‘పరాప్పా ది రాపర్’ వచ్చింది. 1997లో ‘బీట్‌మేనియా’, 1998లో ఇందాక చెప్పిన డ్యాన్స్ గేమ్, 2001లో నామ్కో కంపెనీ డప్పు గేమ్ ‘తైకో నో తత్సుజిన్’, 2005లో ‘గిటార్ హీరో’. 2018లో చెక్ దేశం నుంచి ‘బీట్ సేబర్’. కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే, రెండు చేతుల్లో రెండు కాంతి కత్తులు, ఎడమది ఎరుపు, కుడిది నీలం. పాటకి తగ్గట్టు డబ్బాలు ఎగిరొస్తాయి, బాణం చూపిన వైపు నరకాలి. బయటనుంచి చూసేవాళ్ళకి మనం గాలిలో దోమల్ని కొడుతున్నట్టు ఉంటుంది. నేను రెండు పాటలు ఆడాను. మూడోదానికి భుజాలు వద్దన్నాయి.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ డప్పు గేమ్. స్క్రీన్ మీద కుడి నుంచి ఎడమకి గుండ్రటి గుర్తులు వస్తాయి. ఎర్రది వస్తే డప్పు మధ్యలో కొట్టాలి, ‘దొన్’. నీలంది వస్తే అంచు మీద, ‘కా’. అంతే, ఇంకేం లేదు. ఒక అమ్మాయి ఆడుతోంది. వాళ్ళమ్మగారు పక్కన కుర్చీలో కూర్చుని బ్యాగులు కాస్తున్నారు. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో నీళ్ళ సీసా. అలాంటి అమ్మలు అక్కడ చాలామంది కనిపిస్తారు. పిల్లల్ని తీసుకొచ్చి, గోడ పక్కన కూర్చుని, సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళని ఆడతారా అని అడిగేవాళ్ళు ఉండరు.

ఆ అమ్మాయి మాత్రం పుల్లలు వాళ్ళమ్మ చేతికిచ్చింది. “నాకెందుకే, నాకు రాదు” అన్నారావిడ. “కొట్టమ్మా, ఎర్రది మధ్యలో, నీలం అంచు మీద, అంతే” అంది కూతురు. మొదటి పావు పాట తడబడ్డారు. రంగులు చూసి కొడుతున్నారు, ఆలస్యమవుతోంది. ఆ తర్వాత ఏమైందో గాని చూపు కాస్త పక్కకి తిప్పి, తల ఊపుతూ, పాట వింటూ కొట్టడం మొదలుపెట్టారు. అంతే! వరసగా పడుతున్నాయి. పాట అయ్యాక స్టాల్ కుర్రాడు “ఆంటీ, మీరు ముందు ఆడారా ఇది?” అని అడిగాడు. ఆవిడ అన్నారు, “ఇది తాళమే కదా నాయనా. ఆ మాట ముందే చెప్తే అయిపోయేది కదా. మా ఊళ్ళో భజనలో పదేళ్ళు తాళాలు వేశాను.”

ఇందాకటి లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది. గుర్తు గీత మీదకి వచ్చింది అని కంటితో చూసి, అప్పుడు కొడితే పాతిక వంతు సెకను కాదు, పావు సెకను ఆలస్యం. తాళం తెలిసినవాళ్ళు చూసి కొట్టరు. తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలుసు కాబట్టి చెయ్యి ముందే బయల్దేరుతుంది. ఆదితాళం ఎనిమిది క్రియలు వేసేవాళ్ళకైనా, బోనాల్లో తీన్‌మార్ కొట్టేవాళ్ళకైనా, దానికి అడుగులు వేసేవాళ్ళకైనా ఇది వేరే చెప్పాలా? మనకి రిథమ్ గేమ్స్ కొత్తేమీ కాదండీ, స్క్రీన్ మాత్రమే కొత్త.

ఇందులో ఒక సాంకేతికమైన చిక్కు ఉంది. ఇలాంటి వేడుకల్లో నేను ఒకచోట చూశాను. పేరు అనవసరం. పెద్ద టీవీ పెట్టారు, సౌండ్ బ్లూటూత్ స్పీకర్‌లోంచి వస్తోంది. బ్లూటూత్‌లో సౌండ్ ఆలస్యంగా వస్తుంది. పాట విని సరిగ్గా కొట్టినవాళ్ళందరికీ ‘మిస్’ అని పడుతోంది. పాట పట్టించుకోకుండా బొమ్మ చూసి కొట్టేవాళ్ళకి మార్కులు వస్తున్నాయి. క్యూలో ఉన్న ఒక పాప, ఏడో ఎనిమిదో తరగతి ఉంటుంది, “అన్నా, పాట లేటుగా వస్తోంది” అంది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ చెప్పింది. సెట్టింగుల్లోకి వెళ్ళి సర్దాక అందరికీ సరిపోయింది. దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు, చాలా రిథమ్ గేమ్స్‌లో ఉంటుంది. ఇంట్లో ఆడేవాళ్ళు బ్లూటూత్ తీసేసి వైరు పెట్టుకోండి, టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. మీ చెయ్యి బాగానే ఉంది, తప్పంతా టీవీది అని తేలే అవకాశం చాలా ఉంది.

తల్లిదండ్రుల కోసం ఒక మాట. గేమ్స్ అనగానే డబ్బులు పోతాయని భయపడుతున్నారు. ఆ భయానికి కారణం ఉంది, డబ్బు పెట్టి ఆడే యాప్‌ల వల్ల కొంపలు కూలాయి. కానీ రెండూ ఒకటి కాదు. 2022 చివర్లో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడల శాఖ కిందకి తెచ్చింది. 2025లో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే గేమ్స్‌ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. కాబట్టి పిల్లవాడిని ‘గేమ్ ఆడుతున్నావా’ అని కాదు, ‘ఏ గేమ్, ఎవరితో, డబ్బు పెడుతున్నావా’ అని అడగండి. వీలైతే పక్కన కూర్చుని ఒక ఆట ఓడిపోండి. అంతకంటే మంచి విచారణ లేదు.

ఈసారి వెళ్ళేవాళ్ళకి కొన్ని సలహాలు. మొదటి రోజు ఉదయమే వెళ్ళండి, శని ఆదివారాల్లో క్యూలు పెరుగుతాయి. కూర్చునే ముందు పది నిమిషాలు వెనక నిలబడి చూడండి. ‘నేను కొత్త’ అని చెప్పడానికి మొహమాటపడొద్దు. స్ట్రీట్ ఫైటర్ 6లో ‘మోడర్న్’, టెక్కెన్ 8లో ‘స్పెషల్ స్టైల్’ అని కొత్తవాళ్ళకి సులువైన పద్ధతులున్నాయి, అడిగి పెట్టించుకోండి. ఓడిపోయాక లేచిపోకుండా ‘దేనితో కొట్టావు తమ్ముడూ’ అని అడగండి, నూటికి తొంభైమంది సంతోషంగా చెప్తారు. గెలిస్తే మీరూ చెప్పండి. వీఆర్ పెట్టుకునే ముందు హెడ్‌సెట్ తుడిపించుకోండి, కళ్ళజోడు ఉంటే ముందే చెప్పండి. డ్యాన్స్ గేమ్‌కి చెప్పులతో వెళ్ళొద్దు. బ్యాగులు కాసే అమ్మానాన్నలకి కూడా ఒక వంతు ఇవ్వండి.

చివరిగా ఒక మాట. కామిక్ కాన్ ఏడాదిలో మూడు రోజులు. మిగతా రోజుల సంగతేంటి? ఇందుకు పెద్ద హాలు అక్కర్లేదు. ఒక మానిటర్, ఒక కన్సోల్, రెండు కంట్రోలర్లు, నాలుగు కుర్చీలు. మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. మీ ఆఫీసులో టేబుల్ టెన్నిస్ పెట్టిన గదిలో ఒక మూల దొరుకుతుంది. నియమం ఒక్కటే పెట్టుకోండి. ఓడినవాళ్ళు లేవాలి, గెలిచినవాళ్ళు ఎలా గెలిచారో చెప్పాలి.

మా బావ ఆ పని మొదలుపెట్టాడు. నెలకి ఒకసారి వాళ్ళింటి హాల్లో. నేను ఇప్పటిదాకా వాడి మీద ఒక్క ఆట గెలవలేదు. ఎందుకో మాత్రం వాడు ప్రతిసారీ ఓపిగ్గా చెప్తున్నాడు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే అండీ. మీ ఊళ్ళో ముస్తఫా గేమ్ ఎక్కడ ఉండేదో, ఆ షాపు స్థానంలో ఇప్పుడు ఏముందో రాయండి, చదువుతాను. మళ్ళీ కలుద్దాం. ఉంటాను, నమస్కారం.